తప్పిపోయినవాడు దొరుకుతాడా? రక్షణ పోతుందా అనే ప్రశ్న గురించి

సీమ పల్లెల్లో దేవర్లు (గ్రామదేవతల జాతరలు) మొదలయ్యే రోజులకు సంఘాల్లో ఒక ప్రశ్న కూడా బయలుదేరుతుంది. "ఆ పిల్లోడు బాప్తిస్మం తీసుకొని రెండేళ్లు కూడా కాలేదు, దేవరకు పోయి మేనమామోళ్లతో కూర్చొని పొట్టేలు కూర తిన్నాడంట. వాని రక్షణ పోయినట్టేనా అయ్యగారూ?" పీర్ల పండగప్పుడు గుండం దాకా పోయొచ్చిన అక్క గురించి, పదేళ్లు మానేసిన తాగుడు మళ్లీ పట్టుకున్న ఆటో అన్న గురించి, పెండ్లి తర్వాత గుడి (చర్చి) మొహం చూడని చెల్లెలి గురించి కూడా ఇదే మాట. కడపలో అడిగినా, గుంతకల్లులో అడిగినా, ఆదోనిలో అడిగినా యాస మారుతుందేమో గానీ ప్రశ్న మారదు.

రక్షణ, అంటే పాపం నుంచి దేవుడిచ్చే విడుదల, పోతుంది అనో, పోనేపోదు అనో ఒక్క ముక్కలో తేల్చేసే వీడియోలు ఫోన్లో కావలసినన్ని ఉన్నాయి. ఇంత తికమకకు సగం కారణం మనం చదివే తెలుగు మాటలే అని నా అభిప్రాయం. అందుకే ముందు మాటల సంగతి చూద్దాం.

"రక్షణ ఎప్పుడు పొందావు?" అని అడిగితే మన దగ్గర చాలామంది బాప్తిస్మం తేదీ చెప్తారు. వాడుకలో రెండూ ఒకటైపోయాయి. అలా ఒకటయ్యాక రక్షణ ఒక రోజు చేతికి తీసుకున్న వస్తువైపోతుంది. వస్తువైతే పడిపోవచ్చు, మళ్లీ తెచ్చుకోవచ్చు. పౌలు ఇలా వాడలేదు. ఎఫెసీ 2:8లో "రక్షింపబడియున్నారు" అన్నాడు, అది జరిగిపోయిన పని. 1 కొరింథీ 1:18లో "రక్షింపబడుచున్న మనకు" అన్నాడు, అది జరుగుతున్న పని. రోమా 13:11లో మనం విశ్వాసులమైనప్పటికంటే ఇప్పుడు రక్షణ "మరి సమీపముగా" ఉందన్నాడు, అంటే అది ఇంకా రావలసింది. మూడు కాలాలూ ఉన్నాయి కాబట్టి "రక్షణ పోతుందా?" అని అడిగినవాళ్లను ముందు ఏ రక్షణ గురించి అడుగుతున్నారో తేల్చుకోమనాలి. వాదనలు గంటలకొద్దీ సాగేది ఎక్కువగా ఇక్కడే: ఒకాయన జరిగిపోయినదాన్ని పట్టుకొని మాట్లాడతాడు, ఇంకొకాయన రావలసినదాన్ని పట్టుకొని మాట్లాడతాడు.

ఇంకో మాట "తప్పిపోవు". హెబ్రీ 6:6లో "తప్పిపోయినవారు" అని ఉంది, అలాంటివాళ్లను మారుమనస్సు పొందేటట్టు మళ్లీ నూతనపరచడం "అసాధ్యము" అని కూడా ఉంది. లూకా 15:6లో గొర్రెను పోగొట్టుకున్నవాడు "తప్పిపోయిన నా గొఱ్ఱె" దొరికిందంటాడు. అదే అధ్యాయంలో తండ్రి, కొడుకు "తప్పిపోయి దొరకెను" అంటాడు. లూకా 22:32లో యేసు పేతురుతో నీ నమ్మిక "తప్పిపోకుండునట్లు" వేడుకున్నానంటాడు. తెలుగులో అన్నిటికీ ఒకే క్రియ. గ్రీకులో మాత్రం మూడు వేర్వేరు మాటలు. గొర్రె విషయంలోనూ కొడుకు విషయంలోనూ ఉన్న మాటకు కనబడకుండా పోవడం, నశించడం అని అర్థం. పేతురు విషయంలో ఉన్నది సన్నగిల్లి ఆగిపోవడం, దీపంలో నూనె అయిపోయినట్టు. హెబ్రీ 6:6లో ఉన్న పరపిప్తో అనే మాట కొత్త నిబంధన మొత్తంలో ఆ ఒక్క చోటే వస్తుంది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో యెహెజ్కేలు గ్రంథం దాన్ని దేవునికి ద్రోహం చేసిన జనాన్ని గురించి చెప్పేటప్పుడు వాడుతుంది.

ఇది తెలియకపోతే ఏమవుతుందో చూడండి. మూడు నెలలు గుడికి రాని మనిషికి ఎవరో హెబ్రీ 6 చదివి వినిపిస్తారు. తాను "తప్పిపోయాడు" కాబట్టి ఇక తనకు దారి లేదనుకుంటాడు. అతను లూకా 15లోని తప్పిపోయినవాడు. అతనికి చదివింది వేరేవాళ్ల పత్రం.

హెబ్రీ 10:26 దగ్గర కూడా ఇదే ఇబ్బంది. "బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల పాపములకు బలి యికను ఉండదు" అని చదవగానే, తెలిసి చేసిన ఒక్క పాపంతో అంతా అయిపోయిందని వినబడుతుంది. మనిషి తెలిసే చేస్తాడు పాపం, తెలియకుండా చేసేవి ఎన్ని? కానీ అక్కడి గ్రీకు క్రియ మానకుండా చేస్తూనే ఉండటాన్ని చెప్తుంది. "చేయుచునే ఉన్నయెడల" అని ఉంటే సరిపోయేది. ఆ పాపం ఏ రకానిదో మూడు వచనాలు కిందికి పోతే తెలుస్తుంది: దేవుని కుమారుణ్ణి పాదాలతో తొక్కడం, నిబంధన రక్తాన్ని అపవిత్రమనుకోవడం, ఆత్మను తిరస్కరించడం. హింసకు భయపడి యేసును వద్దనుకొని పాత బలుల దగ్గరికి వెళ్లిపోదామా అని ఊగిసలాడుతున్న యూదు విశ్వాసులకు రాసిన పత్రిక ఇది. మొబైల్లో చూడరానిది చూసి రాత్రంతా ఏడ్చిన కుర్రవాడి పరిస్థితి వేరు.

ఏశావు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హెబ్రీ 12:17 చదివి, ఏడ్చినా దేవుడు వినలేదు కదా అని భయపడేవాళ్లున్నారు. ఏశావు కన్నీళ్లతో వెదికింది ఆశీర్వాదాన్ని. ఆదికాండము 27:38లో అతని ఏడుపు చూడండి, "నన్ను దీవించు" అంటాడే గానీ నేను చేసింది తప్పు అనడు.

ఇంతమాత్రాన హెబ్రీ 6ను మెత్తబరచేయలేం. "ఒకసారి వెలిగింపబడి, పరలోకసంబంధమైన వరమును రుచిచూచి, పరిశుద్ధాత్మలో పాలివారై" అని వరసగా చెప్పినవి పైపై మనుషుల వర్ణనలా లేవు. వీళ్లు అసలు విశ్వాసులే కారు అని తీసిపారేసేవాళ్లు 7, 8 వచనాల మీద నిలబడతారు: అదే వర్షం రెండు పొలాల మీద పడింది, ఒకటి పంట ఇచ్చింది, ఒకటి ముండ్లతుప్పలు ఇచ్చింది. అనంతపురం రైతుకు ఈ పోలిక విప్పి చెప్పనక్కరలేదు. ఒకే పదును మీద గట్టుకు ఈపక్క శెనక్కాయ లేస్తుంది, ఆపక్క సర్కారు తుమ్మ లేస్తుంది. వాన తక్కువై కాదు. వానను అనుభవించడం వేరు, పంట వేరు. 9వ వచనంలో రచయిత వెంటనే మాట మార్చి, మీరు ఇంతకంటే మంచి స్థితిలో, "రక్షణకరమైన" స్థితిలో ఉన్నారని నమ్ముతున్నాం అంటాడు. అంటే రుచి చూడటం, పాలివారవడం ఉన్నా రక్షణకరమైనది ఇంకొకటి ఉందన్నమాట. నాకు ఈ వాదనలో బలం కనబడుతుంది. అయినా "మరల నూతనపరచుట" అన్నప్పుడు ఆ "మరల" ఎందుకు, ఒకసారి నూతనమయ్యారనే కదా, అని అవతలివాళ్లు అడిగే ప్రశ్న తేలికైనది కాదు.

మన జిల్లాల్లో ఒక్కొక్క సంఘం ఒక్కొక్క రకంగా చెప్పడానికి చరిత్ర ఉంది. కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైంది, తర్వాత గుత్తి, జమ్మలమడుగు వైపు సాగింది. వాళ్లలో ఎక్కువమందిది కాల్విన్ బోధ (దేవుడు ఎన్నుకున్నవాళ్ల రక్షణ పోదనేది) నీడలో పెరిగిన సంప్రదాయం. పాత కర్నూలు జిల్లాలో నంద్యాల, ముత్యాలపాడు వైపు పనిచేసింది ఎస్.పి.జి. అనే మిషన్ వాళ్లు, ఆంగ్లికన్లు (ఇంగ్లండు సంఘం వాళ్లు). వాళ్ల 39 సూత్రాలలో 16వది, పరిశుద్ధాత్మను పొందినవాడు కృపనుండి తొలగి పాపంలో పడవచ్చు, దేవుని కృపచేత మళ్లీ లేవనూవచ్చు అంటుంది. మళ్లీ లేస్తాడు అన్నదాన్ని వదిలేసి పడతాడు అన్నంతవరకే చెప్పేవాళ్లున్నారు. కర్నూలులో పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. అమెరికన్ బాప్టిస్టుల్లో బాగా వాడుకలో ఉన్న 1833 నాటి న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రమాణం, అంతంవరకు నిలిచేవాళ్లే నిజమైన విశ్వాసులు అంటుంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు వేర్వేరు సంప్రదాయాలు ఒక కప్పు కిందికి వచ్చాయి గానీ, వాళ్లు ఉమ్మడిగా ఒప్పుకొన్న అపొస్తలుల, నైసీయ విశ్వాస ప్రమాణాలలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. అందుకే ఒకే సి.ఎస్.ఐ. పీఠం మీద నుంచి రెండు రకాల ప్రసంగాలు వినబడితే ఆశ్చర్యపోవద్దు.

కతోలికుల లెక్క వేరు, చాలా స్పష్టమైనది కూడా. 1547లో త్రెంతు మహాసభ చెప్పినదాని ప్రకారం విశ్వాసం పోకపోయినా చావైన పాపం వల్ల కృప పోతుంది. పాపం చావైనది కావాలంటే మూడూ ఉండాలి: విషయం ఘోరమైనదై ఉండాలి, అది ఘోరమని పూర్తిగా తెలిసి ఉండాలి, మనస్ఫూర్తిగా ఒప్పుకొని చేసి ఉండాలి. పోయిన కృప పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో) తిరిగి దొరుకుతుంది. పోతుంది అని చెప్పేవాళ్లలో తిరిగి రావడానికి దారి ఇంత వివరంగా రాసిపెట్టినవాళ్లు తక్కువ. చాలా పెంతెకొస్తు సంఘాల్లో పోతుందనే బోధ ఉంది, దారి మాత్రం ఆ కాపరి మనసును బట్టి ఉంటుంది. బ్రదరన్ కూటాల్లో ఎక్కువచోట్ల ఒకసారి రక్షింపబడితే ఎప్పటికీ రక్షింపబడినట్టే అంటారు.

ఈ తగాదా పాతది. కాల్విన్ బోధను ప్రశ్నించిన డచ్చి పండితుడు అర్మీనియస్ 1609లో చనిపోయాడు, అతని అనుచరులు 1610లో ఐదు అంశాలు రాసి హాలండ్ ప్రాంత ప్రభుత్వం ముందు పెట్టారు. ఐదో అంశం ఇదే. విశ్వాసి కృపను పూర్తిగా పోగొట్టుకోగలడా అన్నది లేఖనాల నుంచి ఇంకా పరిశీలించాలని వాళ్లు అప్పటికి తేల్చకుండా వదిలేశారు. పోవచ్చు అని గట్టిగా చెప్పింది తర్వాత. 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్టు సంఘ సభ పోదు అని జవాబిచ్చింది. మన దగ్గర పోదు అనేవాళ్లు మర్చిపోయేది, ఆ సభే దావీదు, పేతురుల పేర్లు చెప్పి మరీ విశ్వాసులు ఘోరంగా పడగలరని, అలా పడితే ఆత్మను దుఃఖపెట్టి, మనస్సాక్షిని గాయపరచుకొని, కొంతకాలం కృప ఉందన్న తెలివి కూడా పోగొట్టుకుంటారని రాసింది. "రక్షణ పోదులే, కానీ" అని భుజాలెగరేసే మాట డోర్టులో లేదు.

నా మొగ్గు ఎటో దాచడం ఎందుకు, పోదు అనే వైపే. యోహాను 10:28లో యేసు "అవి ఎన్నటికిని నశింపవు, ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అన్నాడు. ఎవరూ లాక్కోలేరు సరే, గొర్రె తానే దూకిపోతే అని అడుగుతారు. "ఎన్నటికిని నశింపవు" అన్నది లాక్కునేవాడి ప్రస్తావన రాకముందే చెప్పేశాడు, అందులో దూకడం కూడా కలిసిపోతుంది. దూకిన గొర్రెను వెనక్కి తెచ్చుకోలేని కాపరిని మన కురుబ గొల్లలు కాపరి అనరు. అదే సమయంలో 27వ వచనం వదలకూడదు: ఆ గొర్రెలు స్వరం వింటాయి, వెంబడిస్తాయి. వినని, వెంబడించని, వెంబడించాలన్న బాధ కూడా లేని మనిషికి 28వ వచనం చదివి పంపించేస్తే అది మోసం. అలాంటివాళ్ల గురించే 1 యోహాను 2:19, "మనలోనుండి బయలువెళ్లిరి గాని వారు మన సంబంధులు కారు".

మరి పోకపోతే ఇన్ని హెచ్చరికలు ఎందుకు? హెబ్రీ పత్రికలోనే ఐదు పెద్ద హెచ్చరికలున్నాయి. దీనికి అపొస్తలుల కార్యములు 27 బాగా పనికొస్తుంది. తుపానులో చిక్కిన ఓడలో 276 మంది. ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత చెప్పాడని పౌలు అందరికీ ధైర్యం చెప్పాడు. అంతా ఖాయమే కదా. ఆ తర్వాత నావికులు లంగరు వేస్తున్నట్టు నటించి పడవ దించుకొని పారిపోబోతే, పౌలు శతాధిపతితో వీళ్లు ఓడలో ఉంటేనే గానీ మీరు తప్పించుకోలేరు అన్నాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. అందరూ ఒడ్డుకు చేరారు. దేవుడు మాట ఇచ్చాడు కాబట్టి హెచ్చరిక ఉత్తదే అని ఎవరూ అనుకోలేదు. ఆ మాట నెరవేరింది తాళ్లు కోసిన కత్తి ద్వారానే. హెచ్చరిక విని ఆగినవాడు కాపాడబడుతున్నవాడే. ఫిలిప్పీ 1:6 (మంచి పని మొదలుపెట్టినవాడు దాన్ని ముగిస్తాడు), 2:12 (మీ రక్షణను భయంతో వణుకుతో కొనసాగించుకోండి) పక్కపక్కన పెట్టి చదివినా ఇదే కనిపిస్తుంది.

ఇక సంఘంలో పని ఎలా చేయాలి అన్నది. ముందు ఆ మనిషికి హెబ్రీ పత్రిక ముక్కలు ముక్కలుగా వినిపించకండి. మొత్తం 13 అధ్యాయాలు పైకి చదివితే సుమారు గంట పడుతుంది. కుదరకపోతే 5:11 నుంచి 6:12 దాకా, 10:19 నుంచి 39 దాకా ఆపకుండా చదవండి. రెండుచోట్లా భయపెట్టిన వెంటనే ధైర్యం వస్తుంది. సగంలో ఆపితే సగం మందు వేసినట్టే.

తర్వాత అడగవలసినవి: యేసు ఎవరని ఇప్పుడు అనుకుంటున్నావు? ఈ పాపం మీద నీకు బాధ ఉందా, లేక బయటపడిందన్న సిగ్గేనా? వదలాలని ఉందా? ఎప్పుడు పడ్డావు, ఎన్నిసార్లు పడ్డావు అనే ఆరా చివరికి పెట్టుకోవచ్చు, చాలాసార్లు అవసరమే రాదు. మొదటి ప్రశ్నకు "ఆయనే నా ప్రభువు, కానీ నేను పనికిరాను" అన్నవాడికి యోహాను 10, 1 యోహాను 1:9 చదవండి. "ఏమైతేనేం, నేను రక్షింపబడ్డా కదా" అన్నవాడికి హెబ్రీ 10, మత్తయి 7:21-23 చదవండి. తారుమారు చేస్తే నలిగినవాడు విరిగిపోతాడు, మొండివాడు ఇంకా మొండి అవుతాడు. ఆదివారం ప్రసంగంలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చొని ఉంటారు, అదే పెద్ద చిక్కు. అందుకే ఇది ఇంటికి పోయి చేయవలసిన పని.

మళ్లీ బాప్తిస్మం ఇవ్వడం మన దగ్గర ఎక్కువైంది. పడినప్పుడల్లా నీళ్లలో ముంచితే మనిషికి అర్థమయ్యేది ఒకటే, నా రక్షణ నీళ్లలో ఉంది, నా తప్పు దాన్ని కడిగేస్తుంది. పేతురు మూడుసార్లు ఎరగనన్నాడు. యేసు అతన్ని మళ్లీ ముంచలేదు, మూడుసార్లు ప్రేమిస్తున్నావా అని అడిగి గొర్రెలు అప్పగించాడు. ప్రభువు బల్లకు (ప్రభురాత్రి భోజనానికి) దూరం పెట్టడం విషయంలో మత్తయి 18:15-17 వరుస పాటించాలి: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, ఆ తర్వాతే సంఘం. మొదటి రెండూ ఎగ్గొట్టి మైకులో పేరు చదివితే అది క్రమశిక్షణ కాదు, పరువు తీయడం. ఎన్నాళ్లు దూరం పెట్టాలో ముందే తేల్చుకోండి, కలిసేది ఎవరో కూడా. 1 కొరింథీ 5:5లో అంత కఠినమైన శిక్షకు కూడా పౌలు చెప్పిన కారణం ఆత్మ రక్షింపబడాలని. 2 కొరింథీ 2:7లో పశ్చాత్తాపపడినవాణ్ణి క్షమించి ఆదరించమన్నాడు, లేకపోతే అధిక దుఃఖంలో మునిగిపోతాడు అని. దూరం పెట్టడం అందరికీ గుర్తుంటుంది, తిరిగి పిలవడం ఎవరి పనో ఎవరికీ గుర్తుండదు.

క్షమాపణ లేని పాపం చేశానేమోనని నిద్రపోని మనిషి వస్తే మార్కు 3:30 చూపించండి. యేసుకు అపవిత్రాత్మ పట్టిందని శాస్త్రులు అన్నందుకే ఆ మాట వచ్చింది. చేశానేమో అని వణికేవాడిలో ఆ శాస్త్రుల మొండితనం ఉండదు. వారాల తరబడి తిండీ నిద్రా లేకుండా అదే ఆలోచన తిరుగుతుంటే అది ఉపవాస ప్రార్థనతో మాత్రమే చూడవలసింది కాకపోవచ్చు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

అన్నిటికంటే కష్టమైనది, అప్పుల్లో ఆత్మహత్య చేసుకున్న విశ్వాసి ఇంట్లో అడిగే ప్రశ్న. చివరి పాపం ఒప్పుకోకుండా పోయాడు కాబట్టి నరకమే అని శవం దగ్గరే అనేవాళ్లుంటారు. ఆ లెక్కన కోపంలో ఉండగా లారీ గుద్ది పోయిన ప్రతి విశ్వాసీ నరకానికే పోవాలి. మనం రక్షింపబడేది చివరి నిమిషంలో చేసిన ఒప్పుకోలు వల్ల కాదు. హత్య పాపమే, ఆత్మహత్య కూడా, కానీ అదొక్కటి రక్షణను తీసేస్తుందని చెప్పే వచనం బైబిల్లో లేదు. సమాధి తోటలో చోటు ఇవ్వండి, భార్యాపిల్లల దగ్గర కూర్చోండి. ఇలాంటి ఆలోచన ఉందని ఎవరైనా నోరు తెరిస్తే బోధ మొదలుపెట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416 గుడి గోడ మీద రాసిపెట్టుకుంటే తప్పేం లేదు.

దేవరలో పొట్టేలు కూర తిన్న పిల్లోని సంగతి మిగిలింది. 1 కొరింథీ 8 నుంచి 10 దాకా ఇదే చర్చ. బంధువు పిలిస్తే వెళ్లి పెట్టింది తినొచ్చు (10:27). ఇది బలి ఇచ్చింది అని చెప్తే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దు (10:28). బలి దగ్గర నిలబడి ఆ పూజలో పాలు పుచ్చుకోవడం వేరే విషయం, అది పౌలు ఒప్పుకోలేదు (10:21). "నశించును" అన్న భయంకరమైన మాట ఒకటుంది, 8:11లో. అది ఎక్కడుందో చూడండి: జ్ఞానముందని ధీమాగా తిన్నవాడిని చూసి తడబడిన బలహీన సహోదరుడి విషయంలో, తప్పు ధీమాగాడి మీద వేసి. కాబట్టి ఆ పిల్లోడు ఇంట్లో అన్నం దగ్గర తిన్నాడా, బలి దగ్గర పొట్టేలు పట్టుకున్నాడా అన్నది ముందు అతన్నే అడిగి తెలుసుకోండి. మొదటిదైతే ఏమీ లేదు. రెండోదైతే మేనమామోళ్ల ముందు మొహమాటమా, నిజంగా నమ్మకం మారిందా అని అడగండి. మొహమాటమైతే వచ్చే ఏడు దేవర వారం ముందే ఇద్దరు అన్నలు అతనితో మాట్లాడి ఎలా తప్పుకోవాలో చెప్పిపెట్టాలి. ఈ ఆదివారం గుడికి వస్తే మాత్రం వెనక బెంచీ చూపించకండి, పక్కన జరిగి చోటివ్వండి.